పథ్యం ఎప్పుడు విడుస్తావు?



మా అత్తయ్యది నెల్లూరు. కాపురానికి మద్రాసు వచ్చి యాభై ఏళ్ళు దాటింది గాని, మాట మాత్రం ఇప్పటికీ పెన్న ఒడ్డు దాటి రాలేదు. నాకు ఒళ్ళు తగ్గే ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటుంది. "ఏందమ్మా, నీ పథ్యం ఎప్పుడు విడుస్తావు?" అని.

మన ఇళ్ళలో పథ్యం అంటే చెప్పక్కర్లేదు. బాలింతకి పథ్యం, పచ్చకామెర్లకి పథ్యం, టైఫాయిడ్‌కి పథ్యం. దానికొక మొదలుంటుంది, ఒక చివరుంటుంది. చివరి రోజున తలంటి పోసి, అంతవరకూ దూరం పెట్టిన కూరేదో కంచంలో వేసి, "ఇంక మామూలే" అంటారు. నాకు ఆ మామూలు రోజు రాలేదు. రాదని డాక్టర్లు ముందే చెప్పారు. చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. అది బుర్రకెక్కడానికి ఎంతకాలం పట్టిందో మీతో చెప్పుకుందామని వచ్చాను. నేను డాక్టర్ని కాదు. మైలాపూరులో ఉంటూ బ్యాంకులో పనిచేసే మనిషిని. డాక్టర్లు చెప్పిందీ, చదివి తెలుసుకున్నదీ, తిని వాంతి చేసుకుని నేర్చుకున్నదీ, మూడూ కలిపి చెబుతాను.

2019 నాటికి నా వయసు 42, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. షుగరు, బి.పి., రాత్రిళ్ళు గురక. గురకంటే మామూలుది కాదు, నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేచే రకం. షేర్ ఆటోలో వెనక సీటుకి ముగ్గురు లెక్క. నేనెక్కగానే డ్రైవరు అద్దంలో చూసి "రెండు టికెట్ కుడుంగమ్మా" అనేవాడు. ఇచ్చేదాన్ని. ఇవ్వనని వాదించడానికి ఊపిరుండేది కాదు. డైటింగులు చేయలేదా అంటే, చేశాను. ఏడాది కష్టపడి పన్నెండు కిలోలు తగ్గడం, ఆర్నెల్లలో పదిహేను పెరగడం. ఆ లెక్కన నేను జీవితంలో తగ్గిన బరువంతా కలిపితే ఇంకో మనిషవుతుంది.

ఒక్కదాన్నే కాదు లెండి. మన చెన్నై నుంచే నడిచిన పెద్ద సర్వే ఒకటుంది, ఐ.సి.ఎం.ఆర్. ఇండియాబ్ అని. దేశమంతటా లక్షమందికి పైగా జనాన్ని చూసి 2023లో లెక్కలు బయటపెట్టారు. పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 29 మందికి ఊబకాయం, నూటికి దాదాపు 40 మందికి పొట్ట దగ్గర కొవ్వు. ఇంతమందిమి ఉన్నాం గదా, మా కోసం ఆటోలో సీటు వెడల్పు చేయరేం అని అడగాలనిపిస్తుంది.

నాకు చేసినది స్లీవ్ అనే ఆపరేషన్. చిన్న చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి, కడుపులో నాలుగింట మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. ఇంకోలా చెప్పాలంటే, మన హోటళ్ళలో డబరాలో పెట్టి ఇచ్చే కాఫీ టంబ్లరుంది చూశారూ, అంత. బైపాస్ అని ఇంకో పద్ధతుంది. అందులో కడుపు పైభాగాన 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మాత్రం ఉంచి, పేగుని తెచ్చి దానికి నేరుగా కలుపుతారు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1966లో మొదలుపెట్టిన దారి అది. చాలా మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది.

కడుపు చిన్నదైతే తిండి తగ్గుతుందన్నది అందరికీ తట్టేదే. అంతకంటే వింత ఇంకొకటుంది. ఆకలి పుట్టించే హార్మోను ఘ్రెలిన్. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగవా కనిపెట్టారు. అది ఎక్కువగా ఊరేది కడుపు పైభాగంలోనే, అంటే స్లీవ్‌లో తీసేసే ముక్కలోనే. అందుకని మొదటి నెలల్లో ఆకలే వేయదు. నలభై రెండేళ్ళు ఆకలికి బానిసగా ఉన్నదాన్ని, ఒక పొద్దున లేచి చూస్తే యజమాని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆనందం కాదండీ, దిక్కుతోచలేదు.

దీన్ని లైపోసక్షన్‌తో కలిపేయకండి. అది చర్మం కింది కొవ్వుని గొట్టంతో లాగడం. కడుపు జోలికి పోదు, షుగరు వ్యాధికి మందూ కాదు. 2015 జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు పత్రికల్లో ఆ మాటే వచ్చింది. నా ఆపరేషన్ సంగతి విన్న మా పిన్ని నెల్లూరు నుంచి ఫోన్ చేసి ఆ అమ్మాయి పేరు చెప్పి ఏడ్చింది. రెండూ వేరని అరగంట చెప్పాను. "అయితే మాత్రం కత్తి కత్తే గదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి వరండాలో నడిపించారు. కుట్ల నొప్పి సరే, భుజం నొప్పి ఎందుకని కంగారుపడ్డాను. పొట్ట లోపల చోటు చేయడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ గాలి చేసే పనట అది. పొట్టలో గాలి, భుజంలో నొప్పి. ఆఫీసుల్లో తప్పొకరిదీ మెమో ఇంకొకరికీ అయినట్టు. నడిస్తే తగ్గింది. కాళ్ళలో రక్తం గడ్డ కట్టకుండా ఉండటానికి కూడా ఆ నడకే మందు. ఇంటికొచ్చాక గుండె దడదడలాడుతూ తగ్గకపోయినా, జ్వరమొచ్చినా, ఊపిరి అందకపోయినా, పిక్క వాచి నొప్పెట్టినా గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు తాగుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తమన్నారు. కుట్టిన చోట లీకవడం, ఊపిరితిత్తుల్లోకి గడ్డ వెళ్ళడం, ఈ రెండింటికీ టైము చాలా తక్కువ.

ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక ఆహార పట్టిక పెట్టారు. ఏ ఆస్పత్రి అన్నది వదిలేయండి. రంగుల కాగితం, చక్కటి అచ్చు. అందులో బ్రోకలీ సూపు, అవకాడో గుజ్జు, కీన్వా గంజి. మైలాపూరు మాడవీధుల్లో తోటకూర కట్టలు పెట్టుకుని కూర్చునే అమ్మని "కీన్వా ఇరుక్కా" అని అడిగే ధైర్యం నాకు లేదు. ఆ కాగితాన్ని మా అమ్మాయి చదువుతుంటే అత్తయ్య విని, "ఓసి, పథ్యమా! ఆ మాట చెప్పడానికి ఇంత ఇంగ్లీషు ఎందుకబ్బా" అని వంటింట్లోకి వెళ్ళింది. మొదటివారం చారు మీది తేట, పలచటి మజ్జిగ వడకట్టి, బొండాం నీళ్ళు. తర్వాత పెసరకట్టు, పలచటి రాగిజావ. ఆ తర్వాత మెత్తగా మెదిపిన పప్పు, మెత్తటి గుడ్డు, ముల్లు తీసి నలిపిన చేప. ఆస్పత్రి కాగితంలో ఉన్న మెట్లే ఇవి, ముందు నీళ్ళు, తర్వాత జావ, తర్వాత గుజ్జు, తర్వాత మెత్తన. కాకపోతే మా ఇంటి భాషలోకి వచ్చాయి. డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగితే "ఇంకేం, భేష్" అన్నారు.

మందు సీసాకి మూతలాగా వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు, 30 మిల్లీలీటర్లది. మొదటిరోజుల్లో నా గ్లాసు అదే. ఒక గుటక, కాసేపాగి ఇంకో గుటక. ఇలా రోజుకి లీటరున్నర నీళ్ళు లోపలికి వెళ్ళాలి. నేను చేసిన తెలివితక్కువ పని, ఈ ఆపరేషన్ 2019 ఏప్రిల్‌లో చేయించుకోవడం. మే మొదటివారానికల్లా కత్తిరి ఎండలొచ్చాయి. చెమట ధారలు కడుతోంది, దాహం గొంతు పిసుకుతోంది, గడగడా తాగితే తిరిగొచ్చేస్తుంది. ఎదురుగా కూజా పెట్టుకుని దానివంక చూస్తూ ఏడ్చిన రోజులున్నాయి. ఒంట్లో నీళ్ళు తగ్గి మళ్ళీ ఆస్పత్రిలో చేరేవాళ్ళు ఈ ఆపరేషన్ తర్వాత తక్కువేం కాదు. చెన్నైలో ఎవరైనా నన్నడిగితే, డాక్టరు ఆగొచ్చంటే కార్తీకం దాకా ఆగమంటాను.

ఒక మంచి మాత్రం వెంటనే జరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చిన పదిరోజులకే షుగరు మాత్రలు సగం చేశారు, నెలకి మొత్తం మాన్పించారు. అప్పటికి పెద్దగా చిక్కిందే లేదు. ఈ వింతని మొదట లోకానికి గట్టిగా చెప్పినవారిలో వాల్టర్ పోరిస్ అనే అమెరికా సర్జన్ ఒకరు. 1995లో ఆయన రాసిన పరిశోధన వ్యాసానికి పెట్టిన పేరు అర్థం, మన మాటల్లో, "ఇలా అవుతుందని ఎవరనుకున్నారు" అని. సరేగాని, మాత్రలు మీ అంతట మీరు మానకండి, పాత మోతాదులో అలాగే మింగుతూ పోనూ వద్దు. షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఇక తిండి సంగతి. గట్టి ఆహారం మొదలైన రోజున, మా అమ్మాయి అన్నప్రాశన నాటి వెండిగిన్నె బీరువాలోంచి తీశాను. దాని చెంచా కూడా ఉంది. ఆ గిన్నెడు తినడానికి అరగంట. ముద్ద నోట్లో పెట్టుకుని నమలాలి, అది ముద్దని మర్చిపోయేంత దాకా నమలాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా తాగకూడదు. మనకి అన్నం పక్కన చెంబు లేకపోతే కంచం పెట్టినట్టే ఉండదు. అదిగో, నేను మాట్లాడుతున్న ఈ స్టూడియోలో కూడా బల్లమీద గ్లాసుతో నీళ్ళు పెట్టి మూతేశారు, పాపం. ఇడ్లీ తిని వచ్చాను, ఇంకా టైం కాలేదు.

కడుపు నిండిందని ఎలా తెలుస్తుందంటే, తెలియదు. పాత కడుపు "చాలు" అన్న మాట పొట్టలోంచి చెప్పేది. కొత్తది ముక్కులోంచి చెబుతుంది. ఉన్నట్టుండి ముక్కు కారుతుంది, లేకపోతే వెక్కిళ్ళో, తుమ్మో. కొందరికి ఎదురురొమ్ములో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టుంటుంది. అదే చివరి గంట. ఆ తర్వాత ఒక్క మెతుకు వేసినా రైలు దొరకదు. ఎవరి గంట ఏదో వాళ్ళే కనిపెట్టుకోవాలి. నాకు నాలుగు నెలలు పట్టింది.

కనిపెట్టేశానన్న గర్వంతో నవంబరులో నెల్లూరు పెళ్ళికి వెళ్ళాను. పంక్తి భోజనాలు. విస్తరి నిండా పప్పు, పులిహోర, బూరె, వంకాయ, ఆవకాయ. కుర్చీల వెనక తర్వాతి బంతివాళ్ళు వీపుకి ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడ్డారు, ఎవరు లేస్తారా అని. వడ్డించే అతను నా విస్తరి చూసి "ఏంటమ్మా, పెళ్ళివారి మీద కోపమా" అన్నాడు. మొహమాటం పడి మూడు ముద్దలు పులిహోర గబగబా వేశాను, నమలకుండా. అంతే. గుండెల మీద రోకలి పెట్టి నొక్కినట్టు. ముద్ద కిందికి దిగదు, పైకి రాదు. నోట్లో జిగటగా నురుగులాంటి లాలాజలం ఊరిపోతోంది, మింగుదామంటే దారి లేదు. విస్తరి మధ్యలోంచి లేచి, వెనక గంగాళాల పక్కకి పోయి పావుగంట గోడ పట్టుకుని నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి పెద్దమ్మలిద్దరు నావంక అదోలా చూసి గుసగుసలు. ఒకావిడ దగ్గరికొచ్చి, "ఈ వయసులో వేవిళ్ళేందే తల్లీ" అంది.

నవ్వొచ్చినా, ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గాక నెలసరి సరిపడి, ఏళ్ళతరబడి రాని గర్భం చప్పున వచ్చేవాళ్ళున్నారు. అప్పటికి తల్లికే పోషణ చాలదు, ఇక బిడ్డకెక్కడిది?

ఆ పెళ్ళి తర్వాతే నాకు ఒకటి తట్టింది. కత్తి పడింది నా కడుపు మీదొక్కదాని మీదే. నా చేతి మీద పడలేదు, పాత లెక్కనే పెద్ద ముద్ద కలుపుతుంది. నా మొహమాటం మీద పడలేదు. కొసరి కొసరి వడ్డించే మా బంధువుల మీద పడలేదు. మనలో "చాలు" అన్న మాటకి అర్థం "ఇంకొంచెం వేయండి" అని గదా. విస్తరికి చెయ్యడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి వేస్తారు.

ఇంట్లోనూ అంతే. మాకు రాత్రిపూట బియ్యం కొలత స్టీలు గ్లాసుతో మూడు గ్లాసులు, ఐదుగురికి. ఆపరేషన్ అయినా అత్తయ్య మూడు గ్లాసులే పోసేది. రోజూ నా వంతు అన్నం గిన్నెలో మిగిలిపోయేది. పొద్దున్నే అది చూసినప్పుడల్లా నేనే మిగిలిపోయినట్టుండేది. "అత్తయ్యా, కొలత తగ్గించండి" అంటే, "పథ్యం విడిచాక మళ్ళీ పెంచాల గదా" అనేది. మా ఆయన సంగతి ఇంకోరకం. ఇరవై ఏళ్ళుగా శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మిరపకాయ బజ్జీలు తేవడం అలవాటు. మా ఇద్దరికీ తీరిగ్గా మాట్లాడుకునే గంట అదొక్కటే. బజ్జీలు ఆగిపోయాయి, ఆ గంట కూడా ఆగిపోయింది. ఆయన ఒక్కరే తినడానికి తప్పుచేసినట్టు బాల్కనీలోకి పోయేవారు. కొన్ని నెలల తర్వాత లజ్‌లోని నాగేశ్వరరావు పార్కులో నడక మొదలుపెట్టాం ఇద్దరం. అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కు, మనవాళ్ళదే. ఆ గంట అక్కడ మళ్ళీ దొరికింది. ఆయన మోకాళ్ళ నొప్పికి అమృతాంజనం కూడా అక్కడే మొదలైంది, అది వేరే సంగతి.

జుట్టు గురించి ఆడవాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఊడుతుంది. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య దువ్వెన నిండా వస్తుంది. ఆఫీసులో ఒకాయన "తిరుపతి వెళ్ళొచ్చారా" అన్నాడు, నెమ్మదిగానే. ఒళ్ళు హఠాత్తుగా తగ్గితే ఊడటం అది, ప్రొటీను సరిగ్గా అందితే ఎక్కువమందికి మళ్ళీ వస్తుంది. చర్మం వేలాడుతుంది, రెట్టల దగ్గర ముఖ్యంగా. జాకెట్టు చేతులు మోచేతుల దాకా కుట్టించుకుంటున్నాను. తెలిసిన కూరల ఆమె నన్ను చూసి "ఎన్నక్కా, ఇప్పడి ఇళైచ్చిట్టీంగ" అని, ఇలా చిక్కిపోయారేంటని నోరు నొక్కుకుంది. లావుగా ఉంటే తిండిపోతు, చిక్కిపోతే రోగిష్టి. మధ్యలో మనిషిగా ఉండటానికి మనకి ఎన్నిరోజులు గడువిస్తారో తెలియదు.

చాలామంది ఈ ఆపరేషన్ సంగతి దాస్తారు. నేనూ రెండేళ్ళు దాచాను, "వాకింగండీ, రాత్రి పుల్కాలండీ" అని. ఎందుకంటే తెలిసినవాళ్ళు "ఓహో, సులువైన దారి పట్టావా" అన్నారు. సులువు! ఆకలి లేకపోయినా గడియారం చూసి తినాలి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీను. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. పది గుడ్లన్నమాట, కాఫీ టంబ్లరంత కడుపులోకి. అందుకే ముందు వంజరం చేప ముక్కో, పనీరో, పప్పో తిని, చోటు మిగిలితే అన్నం. అన్నం ఆఖర్న వచ్చే భోజనం తెలుగువాళ్ళ చరిత్రలో మా ఇంట్లోనే మొదలై ఉంటుంది.

పైగా విటమిన్లు, బతికినన్నాళ్ళూ. కడుపు కోసేశాక బి12 ఒంటబట్టడం తగ్గుతుంది, ఇనుము తగ్గుతుంది. కాల్షియం, డి విటమిన్ సరేసరి. ఇనుము మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఇనుము వేసుకున్న వెంటనే ఫిల్టర్ కాఫీ తాగితే మాత్ర వృథా. చెన్నైలో పొద్దుటిపూట కాఫీ తాగని గంట వెతుక్కోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. మూడో ఏట నేను అశ్రద్ధ చేశాను. బాగానే ఉన్నాను గదా అని మాత్రలు మానేశాను. అరికాళ్ళు తిమ్మిర్లు, మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే బి12 అట్టడుగున ఉంది. సూదులు పొడిపించుకోవాల్సి వచ్చింది. ఆపరేషనైన మొదటి నెలల్లో ఆగకుండా వాంతులవుతుంటే బి1 అనే థయమిన్ తగ్గి నరాలకీ మెదడుకీ దెబ్బ తగులుతుంది, అది మరీ తొందరగా చూడాల్సింది. ఇంకొకటి, నడుం నొప్పి అని మందుల షాపులో అడిగితే ఇచ్చే నొప్పి బిళ్ళలున్నాయే, వాటి జోలికి డాక్టర్ని అడక్కుండా పోకండి. బైపాస్ అయినవాళ్ళకి కుట్ల దగ్గర పుండు పడుతుంది. వాళ్ళకి ఎక్కువగా వచ్చే ఇంకో ఇబ్బంది, నాలుగు చెంచాల పాయసం తాగగానే చెమటలు, గుండెదడ, కడుపు తిప్పడం. తీపి ఒక్కసారిగా పేగులోకి దూకడం వల్ల.

ఇప్పుడు అసలు కష్టం చెబుతాను. ఏడాదిన్నరకి 118 నుంచి 73కి వచ్చాను. తర్వాత మళ్ళీ 81 అయ్యాను. ఎలా? కొత్త కడుపు అన్నాన్ని ఆపుతుంది గాని జంతికల్ని ఆపదు. నమిలితే పొడై జారిపోతాయి. ఐస్‌క్రీం కరిగి జారిపోతుంది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని గంటకొక జంతిక. ఆకలి లేదు, కానీ నాలుక ఉంది, దిగులుంది. మా మైలాపూరులో ఏటా పంగుని ఉత్సవానికి అరుబత్తు మూవర్ ఊరేగింపు రోజున వీధి వీధినా నీళ్ళ మజ్జిగ, పొంగలి, సుండల్ చేతుల్లో పెడుతూనే ఉంటారు. స్వామి పేరుతో ఇచ్చినదాన్ని ఏమని కాదనేది?

81 అయిన రోజున తూకం మిషన్ మీంచి దిగి మంచంమీద పడుకుండిపోయాను, అంతా పోయిందని. డాక్టరుగారు స్వీడన్ లెక్క చెప్పారు. అక్కడ 1987 నుంచి వేలమందిని ఏళ్ళతరబడి వెంబడించి చూశారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు సగటున ఒకటి రెండేళ్ళలో అడుగుకి దిగి, తర్వాత కొంత పెరిగి, ఎనిమిది పదేళ్ళ దగ్గర నిలకడ పడ్డారు. ఆపరేషన్ చేయించుకోని అలాంటివాళ్ళతో పోలిస్తే వీళ్ళలో మరణాలు తక్కువని 2007లో ప్రకటించారు. "మీరు ఓడిపోలేదు, గీత మీద నడుస్తున్నారు" అన్నారాయన. జంతికల డబ్బా పై అరలోకి ఎక్కింది. నేను 78 దగ్గరున్నాను. స్టూలేసుకుని ఎప్పుడైనా డబ్బా దించుతాను, అబద్ధమెందుకు.

2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరి నుంచి ఈ ఆపరేషన్ కోసం చెన్నై శివారుకి వచ్చిన ఒక యువకుడు చనిపోయాడు. పేపర్లలో చదివే ఉంటారు. ఆ వారం నాకు ఫోన్లే ఫోన్లు. బరువు తగ్గించే ఆపరేషన్ల మీద 2009లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ముప్ఫై రోజుల్లోపు మరణాలు వెయ్యికి మూడు. కంటికి చిన్న అంకె. ఆ ఇంట్లో వాళ్ళకి చిన్నది కాదు. కాబట్టి ఎంత తక్కువకి చేస్తారు అనే ముందు, ఐ.సి.యు. ఉందా, మత్తు డాక్టరు పూర్తిగా పరీక్షించారా, ఆ సర్జను ఇలాంటివి ఎన్ని చేశారు, తర్వాత ఐదేళ్ళు చూసేదెవరు అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ కూడా మనల్ని పట్టుకుంటుంది.

నేను చేయించుకున్నప్పుడు మా పాలసీలో ఊబకాయం మాటెత్తితే క్లెయిము లేదన్నారు. అదే ఏడాది సెప్టెంబరులోనే బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. నిబంధనలు మార్చింది. ఎత్తుకీ బరువుకీ లెక్కగట్టే బి.ఎం.ఐ. 40కి చేరినా, 35కి చేరి గుండెజబ్బు, నిద్రలో ఊపిరాగే తీవ్రమైన జబ్బు, అదుపులోకి రాని షుగరులాంటివి ఉన్నా, వేరే పద్ధతులు విఫలమయ్యాక డాక్టరు సలహామీద చేసే ఆపరేషనుకి కొన్ని షరతులతో బీమా వర్తించాలని అందులో రాశారు. ఐదు నెలల తేడాతో నా బంగారు గాజులు పోయాయి. ఎలాగూ అవి చేతికి వదులై జారిపోతున్నాయనుకుని సర్దిచెప్పుకున్నాను. 2025లో మౌంజారో, వెగోవీ అనే ఒళ్ళు తగ్గించే సూదులు మన దేశంలోకి వచ్చాక, "తొందరపడ్డావే" అంటున్నారు ఇప్పుడు. అవీ మంచివే కావచ్చు. కానీ ఆపేస్తే బరువు తిరిగొస్తుందంటున్నారు. అంటే అదీ విడవని పథ్యమే.

మా అత్తయ్యకి ఇప్పుడు 79. పళ్ళు సగానికి పైగా పోయాయి, పెట్టుడు పళ్ళు పెట్టుకోదు. ముద్ద నోట్లో వేసుకుని చిగుళ్ళతో నలుపుతూ, ఒక్కో ముద్దకి రెండు నిమిషాలు. మా ఇంట్లో రాత్రి భోజనానికి పిల్లలు, ఆయన పది నిమిషాల్లో తిని లేచిపోతారు. బల్ల దగ్గర చివరిదాకా మిగిలేది మేమిద్దరం, వెండిగిన్నెతో నేను, పెరుగన్నంతో ఆవిడ. ఆరేళ్ళ కిందట అలా ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే ఏడుపొచ్చేది. ఇప్పుడు నెల్లూరు కబుర్లు, వాళ్ళ నాన్న పొలం గట్లు, మా మామగారు మొదటిసారి మెరీనా చూపించిన సాయంత్రం, అన్నీ ఆ అరగంటలోనే వింటున్నాను.

పోయిన నెలలో ఒకరోజు వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ బియ్యం కడుగుతోంది. గిన్నెలోకి చూస్తే రెండు గ్లాసులే ఉన్నాయి. "మూడు గదా అత్తయ్యా ఎప్పుడూ" అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, "ఎవురు తింటారబ్బా? నీ పథ్యం నాకూ అంటుకునిందిలే" అని కడుగు నీళ్ళు కరివేపాకు కుండీలో పోసింది.